మన ఓట్ల పెట్టె వేరుగా వద్దన్న మనిషి

(నల్లంపల్లిలో తెలుగు విశ్వాసుల, యవ్వనస్థుల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)

ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, ఉద్యోగానికి బెంగళూరు వెళ్తే కన్నడం, ఇలా మూడు భాషల మధ్య బతుకుతున్న మీ ముందు నిలబడి మాట్లాడడం మాకు సంతోషం. మా తెలుగు ఎక్కడైనా అర్థం కాకపోతే చెయ్యెత్తి ఆపండి.

పెద్దలు మాకిచ్చిన అంశం 'క్రైస్తవులు, రాజకీయాలు'. దీని మీద మన సంఘాల్లో ఎక్కువగా రెండు మాటలే వినబడతాయి. మొదటిది, రాజకీయం లోకసంబంధమైనది, విశ్వాసికి దానితో పనిలేదు అని. రెండోది ఎన్నికలు దగ్గరపడ్డాక వినబడేది: మనవాళ్ళకు ఎన్ని సీట్లు ఇచ్చారు? మొదటి మాట అన్నవాళ్ళే రెండో మాట కూడా అనడం మేము చాలాసార్లు చూశాం. అభ్యర్థి వచ్చి పాస్టర్ల మీటింగులో శాలువాలు కప్పి, బిర్యానీ పెట్టి వెళ్ళాక లోకసంబంధం అనే మాట కాస్త మెత్తబడుతుంది.

ఈ రెండు మాటలూ అనకుండా వేరే దారిన నడిచిన ఒక మనిషి గురించి చెబుదామని వచ్చాం. ఆయన ఊరు దూరం కాదు. ఇక్కడ బస్సెక్కి తొప్పూరు కనుమ దిగి పోతే వచ్చే సేలం. 1965 అక్టోబరు 2న ధర్మపురి వేరే జిల్లా అయ్యేదాకా మన నల్లంపల్లి కూడా సేలం జిల్లాలోదే. అంటే ఆయన మీ తాతల జిల్లా మనిషి. పేరు కనకరాయన్ తిరుసెల్వం పాల్. అందరూ కె.టి.పాల్ అంటారు. ఈ పేరు మీలో ఎంతమంది విన్నారు? చేతులు లేవడం లేదు. ఫరవాలేదు. మన సండే స్కూలు పిల్లలకు విదేశీ మిషనరీల పేర్లు పదిహేను వస్తాయి, పక్క ఊరి మనిషి పేరు రాదు.

పాల్ 1876 మార్చి 24న సేలంలో క్రైస్తవ కుటుంబంలో పుట్టారు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివారు. తరువాత పుంగనూరులో ఆర్కాట్ మిషన్ హైస్కూలుకు హెడ్‌మాస్టరుగా పనిచేశారు. పుంగనూరు అంటే మన చిత్తూరు వైపు తెలుగు సీమ. ఆ తరువాత తను చదువుకున్న కాలేజీలోనే చరిత్ర బోధించారు.

1905 డిసెంబరు 25న బెంగాల్లోని శ్రీరాంపూర్‌లో కొద్దిమంది భారతీయ క్రైస్తవులు కూడి నేషనల్ మిషనరీ సొసైటీని మొదలుపెట్టారు. భారతీయ మనుషులు, భారతీయ ధనం, భారతీయ యాజమాన్యం, ఇదీ వాళ్ళ నియమం. ఈ రోజు ఇది చిన్న విషయంగా కనబడుతుంది. ఆ రోజుల్లో సంఘం భవనం, పాస్టరు జీతం, బడి పలక, అన్నీ విదేశీ మిషన్ డబ్బు. ఆ సొసైటీకి మొదటి ప్రధాన కార్యదర్శి వి.ఎస్.అజరయ్య. ఆయన తరువాత మన డోర్నకల్‌కు వచ్చి, 1912లో ఆంగ్లికన్ సంఘానికి మొదటి భారతీయ బిషప్ అయ్యారు. అజరయ్య డోర్నకల్ పరిచర్యకు వెళ్ళినప్పుడు కార్యదర్శి బాధ్యత తీసుకున్నది పాల్. 1916లో పాల్ వై.ఎమ్.సి.ఎ.కి మొదటి భారతీయ జాతీయ ప్రధాన కార్యదర్శి అయ్యారు. తెల్లవాళ్ళు ఎక్కువగా పనిచేసే సంస్థకు ఒక సేలం మనిషి పెద్ద అయ్యాడు.

వై.ఎమ్.సి.ఎ. అంటే మనకు పట్నంలో లాడ్జి, బాస్కెట్‌బాల్ కోర్టు గుర్తొస్తాయి. పాల్ ఆ సంస్థను పల్లెకు తీసుకెళ్ళారు. ఆయన చూసింది ఒకటే. పల్లెలో విశ్వాసి ఆదివారం పాటలు పాడతాడు, సోమవారం వడ్డీవ్యాపారి పొలంలో పాత అప్పు కింద పనిచేస్తాడు. కోత కోసినరోజునే గింజలు అప్పులవాడి గాదెకు పోతాయి. తనఖా పెట్టడానికి చారెడు భూమి లేనివాడికి ఏ బ్యాంకూ అప్పివ్వదు. అందుకని సహకార పరపతి సంఘాలు పెట్టించారు. పదిమంది కలిసి ఒకరికొకరు పూచీ ఉంటారు, ఒకడు ఎగ్గొడితే తొమ్మిదిమంది మీద పడుతుంది, కాబట్టి ఆ తొమ్మిదిమందే వాడు కట్టేలా చూసుకుంటారు. ఇక్కడ కూర్చున్న అక్కచెల్లెళ్ళు నవ్వుతున్నారు. మీ మహిళా సంఘాల అప్పు లెక్క కూడా ఇదే కదా! ఈ సంఘాలకు వెన్నుగా మద్రాసులో క్రిస్టియన్ సెంట్రల్ కోఆపరేటివ్ బ్యాంకు వచ్చింది. కన్యాకుమారి వైపు మార్తాండంలో వై.ఎమ్.సి.ఎ. పెట్టిన గ్రామ పునర్నిర్మాణ కేంద్రంలో కోళ్ళు, తేనెటీగల పెంపకం నేర్పారు. మార్తాండం తేనెకు ఇప్పటికీ పేరుంది.

ఇక అసలు విషయానికి వద్దాం.

1919 సంస్కరణల చట్టం వచ్చినప్పుడు మద్రాసు శాసనమండలిలో భారతీయ క్రైస్తవులకు 5 స్థానాలు ఇచ్చారు. ఊరికే కేటాయించడం కాదు. ఆ స్థానాలకు నిలబడేవాళ్ళూ క్రైస్తవులే, ఓటేసేవాళ్ళూ క్రైస్తవులే. దీన్నే ప్రత్యేక నియోజకవర్గం అన్నారు. అర్థమయ్యేలా చెప్పాలంటే, మన ఓట్ల పెట్టె వేరు. ఊళ్ళో రెడ్డిగారు, గౌండరుగారు నిలబడే ఎన్నికలో మన ఓటు ఉండదు. మన అభ్యర్థికి వాళ్ళ ఓటు అక్కర్లేదు.

వినడానికి బాగానే ఉంది కదా? మనవాడు గ్యారంటీగా గెలుస్తాడు. కానీ మనం పాల్ అడిగినట్టు అడిగి చూద్దాం. నా ఓటు అక్కర్లేని మనిషి నా గడప ఎందుకు తొక్కుతాడు? నా వీధి బావి గురించి ఎందుకు వింటాడు? 98 మంది ఎన్నికైన సభ్యుల్లో 5 మంది మనవాళ్ళు. మిగతా 93 మంది మనల్ని మరచిపోవడానికి ఆ 5 స్థానాలే సెలవుచీటీ.

ఇంకో సంగతి ఉంది. ఆ 5 స్థానాలకు ఓటు వేసింది ఎవరు? అప్పట్లో ఓటు అందరికీ లేదు. భూమి పన్నో ఇంటి పన్నో కట్టే ఆస్తి ఉండాలి. అంటే మిషన్ ఉద్యోగులు, గుమస్తాలు, వకీళ్ళు, నాలుగెకరాలున్న రైతులు. పాలెంలో గుడిసెలో ఉండి కూలికి పోయే విశ్వాసికి క్రైస్తవ పెట్టెలోనూ ఓటు లేదు, మామూలు పెట్టెలోనూ లేదు. ఆంధ్రలోనైనా ఇక్కడైనా సంఘాన్ని నింపింది ఆ కూలివాళ్ళే. ఈ మాట గుర్తు పెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరకే వస్తాం.

1930 నవంబరు 12న లండన్‌లో మొదటి రౌండ్ టేబుల్ సమావేశం మొదలైంది. గాంధీగారు ఎరవాడ జైల్లో ఉన్నారు, కాంగ్రెసు రాలేదు. అక్కడికి వెళ్ళినవాళ్ళెవరినీ జనం ఎన్నుకోలేదు, ప్రభుత్వం పిలిచింది. భారతీయ క్రైస్తవుల తరఫున పిలుపు పాల్‌కు వచ్చింది. అదే బల్ల దగ్గర అణగారిన వర్గాల తరఫున డాక్టర్ అంబేద్కర్, మన మద్రాసు వైపు నుంచి రెట్టమలై శ్రీనివాసన్ ఉన్నారు.

మీరే ఊహించండి. ప్రతి సమాజం వాళ్ళూ మాకింత, మాకింత అని అడుగుతున్న చోటు అది. ఇచ్చేవాడు ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాడు. ఇచ్చేవాడు మన మతంవాడు కూడా. అలాంటి చోట పాల్ క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దన్నారు. ఉమ్మడి ఓటులోనే ఉంటాం, దేశంలో ఒక భాగంగానే ఉంటాం అన్నారు. తన సమాజం కోసం మాత్రమే అడిగే సమాజంగా సంఘం మారిపోకూడదు అన్నది ఆయన పట్టుదల. పిండిలో పులిసిన పిండి కలవాలి గాని వేరే గిన్నెలో దాచితే అది దేనికీ పనికిరాదు. ఈ ఉపమానం ఎక్కడిదో మీకు చెప్పనక్కర్లేదు.

అందరూ చప్పట్లు కొట్టలేదు. చేతిలో ఉన్నదాన్ని వదులుకోమనే నాయకుణ్ణి ఏ సమాజం ఇష్టపడుతుంది? పాల్ 1931 మొదట్లో ఇండియాకు తిరిగొచ్చారు. ఏప్రిల్ 11న సేలంలోనే కన్నుమూశారు. 55 ఏళ్ళు.

ఆ ఏడాది చివర రెండో సమావేశం జరిగినప్పుడు ఆయన లేరు. ఎస్.కె.దత్తా, తంజావూరు వైపు జస్టిస్ పార్టీ నాయకుడు ఎ.టి.పన్నీర్‌సెల్వం వెళ్ళారు. దత్తా పాల్ దారిలోనే నిలబడ్డారు. పన్నీర్‌సెల్వం మిగతా అల్పసంఖ్యాకుల నాయకులతో కలిసి ప్రత్యేక నియోజకవర్గాలు కోరే ఒప్పందం మీద సంతకం చేశారు. అందులో అంబేద్కర్ సంతకం కూడా ఉంది. పన్నీర్‌సెల్వం ద్రోహి అని మేము అనడం లేదు. ఉమ్మడి ఓటు పెడితే క్రైస్తవుడు ఒక్కడూ గెలవడని ఆయన భయం. ఆ భయం ఉత్తది కాదు. 1932 ఆగస్టు 16న ప్రధాని రామ్సే మాక్డొనాల్డ్ కమ్యూనల్ అవార్డు ప్రకటించాడు. క్రైస్తవులకు వేరే పెట్టె ఖాయమైంది. డోర్నకల్ నుంచి బిషప్ అజరయ్య అది సంఘానికి మేలు కాదని గట్టిగానే ఎదిరించారు. సంఘం ఒక రాజకీయ గుంపుగా లెక్క తేలితే, బాప్తిస్మం తీసుకున్న ప్రతివాడూ ఒక గుంపు నుంచి ఇంకో గుంపుకు మారిన ఓటుగానే కనబడతాడు. ఈ రోజు మతమార్పిడి గురించి టీవీల్లో జరిగే గోలంతా వింటుంటే, అజరయ్య ఎంత దూరం చూశారో తెలుస్తుంది. అయినా ఎవరూ వినలేదు. 1935 చట్టం కింద మద్రాసు శాసనసభలో 215 స్థానాల్లో 8 క్రైస్తవులవి అయ్యాయి.

ఇక్కడ ఒక్క నిమిషం మిమ్మల్ని కెనడా తీసుకెళ్తాం. ఎందుకంటే ఇదే కాలంలో, పాల్ కంటే రెండేళ్ళు పెద్దవాడైన ఒక పాస్టరు అక్కడ ఇలాగే ఒంటరిగా నిలబడ్డాడు. పేరు జె.ఎస్.వుడ్స్‌వర్త్. మెథడిస్టు సంఘ కాపరి. విన్నిపెగ్ పట్నంలో వలస కూలీల మధ్య ఆల్ పీపుల్స్ మిషన్ నడిపాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో సంఘాలన్నీ కుర్రాళ్ళను సైన్యంలోకి పంపడానికి ప్రసంగాలు చేస్తుంటే ఆయన కాదన్నాడు. ప్రభుత్వ ఉద్యోగం పోయింది. 1918లో కాపరి పదవికి రాజీనామా ఇచ్చి, వాంకూవర్ రేవులో ఓడల నుంచి సరుకు దించే కూలీగా చేరాడు. చదువుకున్న పాస్టరు, నలభై దాటిన వయసు, సన్నటి మనిషి. మన పాస్టర్లలో ఎంతమందిమి ఆ పని చేస్తాం? ఈ ప్రశ్న మమ్మల్ని కూడా కలుపుకునే అడుగుతున్నాం.

1919లో విన్నిపెగ్‌లో దాదాపు ముప్పై వేలమంది కార్మికులు సమ్మె చేశారు. సమ్మె పత్రిక సంపాదకుణ్ణి అరెస్టు చేస్తే ఆ పని వుడ్స్‌వర్త్ తీసుకున్నాడు. ఆయన్నీ రాజద్రోహపు రాతల నేరం మీద పట్టుకున్నారు. ఆ రాతల్లో యెషయా గ్రంథంలోని వచనాలు ఉన్నాయి. పదో అధ్యాయం మొదట్లో అన్యాయపు చట్టాలు రాసేవాళ్ళను ప్రవక్త గద్దించే మాటలు, అరవై అయిదో అధ్యాయంలో ఇల్లు కట్టినవాడే ఆ ఇంట్లో ఉంటాడనే మాటలు. ఇంటికెళ్ళి తీసి చదవండి. ఇరవై ఏడు వందల ఏళ్ళనాటి ప్రవక్త మీద ఎఫ్ఐఆర్ వేసినట్టయింది. ఆ కేసు చివరికి నడవలేదు. 1921లో కార్మికులు ఆయన్ని పార్లమెంటుకు పంపారు. ఆయన గుంపు ఎంత? ఆయనా, విలియమ్ ఇర్విన్ అనే ఇంకొకాయనా, ఇద్దరే.

ఆ ఇద్దరూ ఏం చేశారో చూడండి. 1926లో ఏ పార్టీకీ సొంత బలం లేదు. ప్రధాని మెకెంజీ కింగ్‌కు ఒక్కో ఓటూ బంగారమే. మన దగ్గరైతే అలాంటప్పుడు రిసార్టు గుర్తొస్తుంది. వుడ్స్‌వర్త్ రెండు పెద్ద పార్టీల నాయకులకూ ఉత్తరం రాశాడు: ముసలివాళ్ళకు పెన్షను, పని దొరకనివాళ్ళకు సాయం గురించి మీరేం చేస్తారు? కింగ్ పెన్షనుకు మాట ఇచ్చాడు. ఆ సంవత్సరం ఎగువసభ తిప్పికొట్టినా 1927లో చట్టం వచ్చింది. డెబ్బై ఏళ్ళు దాటిన పేదవాళ్ళకు నెలకు 20 డాలర్ల దాకా. 1939 సెప్టెంబరులో యుద్ధంలోకి దిగేటప్పుడు, సొంత పార్టీ వేరే దారి పట్టినా, తను మాత్రం లేచి నిలబడి వద్దన్నాడు. ఆ తరువాతి ఎన్నికలో అతి కష్టం మీద గెలిచాడు. 1942లో చనిపోయాడు.

మంచి కథ. కానీ ఇక్కడితో ఆపితే మేము మీకు సగమే చెప్పినట్టు. ఆ పెన్షను చట్టంలో కెనడా మూలవాసులకు చోటు లేదు. ఆ నేల ఎవరిదో వాళ్ళే, ఇండియన్ చట్టం కింద నమోదైన ఆదివాసులే, లెక్కలో లేకుండా పోయారు. ఆదాయం ఎంత తక్కువైనా, వయసు ఎంత మీదపడినా సరే, పెన్షను లేదు. పేదల కోసం ఒంటరిగా పోరాడిన పాస్టరు సాధించిన చట్టం గడప అవతల అందరికంటే పేదవాడు నిలబడి ఉన్నాడు.

ఇప్పుడు సేలం మనిషి దగ్గరికి తిరిగొద్దాం. పాల్ వదులుకోమన్నది ఏది? ఆ 5 స్థానాలు. అవి ఆస్తి ఉన్న క్రైస్తవులవి. అంటే ఆయన తన తరగతి వాళ్ళ దగ్గర ఉన్నదాన్నే వదలమన్నారు. అందులో ఆయన నిజాయితీకి మేము తలవంచుతాం. మరి పాలెం విశ్వాసి సంగతి? ఆ బల్ల దగ్గర క్రైస్తవుల కుర్చీలో పాల్ ఉన్నారు, అణగారినవాళ్ళ కుర్చీల్లో అంబేద్కర్, శ్రీనివాసన్ ఉన్నారు. రెండు కుర్చీలకూ చెందిన మనిషి, అంటే మాల, మాదిగ, పరయర్, అరుంధతియర్ ఇళ్ళలో పుట్టి క్రీస్తును నమ్ముకున్న మనిషి, ఏ కుర్చీలోనూ లేడు.

ఫలితం 1936లో తేలింది. బ్రిటిష్ ప్రభుత్వం మొదటిసారి షెడ్యూల్డు కులాల జాబితా ప్రకటించింది. అందులో ఒక వాక్యం, భారతీయ క్రైస్తవుడెవరినీ షెడ్యూల్డు కులం సభ్యుడిగా ఎంచరాదు అనే అర్థంతో. ఎందుకు? మీ పెట్టె వేరుగా ఉంది కదా, ఈ పెట్టెలో మీకేం పని? పూనా ఒప్పందం తరువాత షెడ్యూల్డు కులాలవాళ్ళకు మామూలు పెట్టెలో స్థానాలు రిజర్వు అయ్యాయి. క్రైస్తవులు ఆ పెట్టెలోనే లేరు. వేరే పెట్టె మనకు రక్షణ అనుకున్నాం, చివరికి మనలో అందరికంటే అడుగునున్నవాళ్ళను బయటికి నెట్టే తలుపు అదే అయింది. పాల్ భయపడిన దానికంటే ఎక్కువే జరిగింది.

తరువాత 1949 మేలో రాజ్యాంగ సభ మతం పేరు మీద స్థానాలన్నీ ఎత్తేసింది. సలహా సంఘంలో ఆ తీర్మానం పెట్టింది క్రైస్తవుడైన హెచ్.సి.ముఖర్జీ. పాల్ మాట పద్దెనిమిదేళ్ళకు నెగ్గింది. క్రైస్తవులు ఎంత ఉదారంగా వదులుకున్నారని ఇప్పటికీ పుస్తకాల్లో పొగుడుతారు. పెట్టె పోయింది సరే, దాని వల్ల మూసిన తలుపు తెరుచుకోవాలి కదా? తెరుచుకోలేదు. 1950 ఆగస్టులో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా హిందూ మతం కానివాళ్ళెవరూ షెడ్యూల్డు కులంవాళ్ళు కారు అంది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తలుపు తీశారు. మనకు తియ్యలేదు. స్థానాలు వదులుకున్నది పెద్దలు, డెబ్బై అయిదేళ్ళుగా మూల్యం కడుతున్నది పాలెం.

ఇది మీ ఊరికి దూరపు సంగతి కాదు. తమిళనాడులో 2009 నుంచి అరుంధతియర్లకు 18 శాతంలో 3 శాతం లోపలి రిజర్వేషన్ ఉంది. ఈ పడమటి జిల్లాల్లో అరుంధతియర్ల ఇంటి భాష చాలా చోట్ల మన తెలుగే. అదే ఇంటి పిల్లవాడు క్రైస్తవుడని సర్టిఫికెట్లో పడితే ఎస్సీ కాదు, బీసీ. ఆంధ్ర, తెలంగాణల్లో అయితే బీసీ-సి, 1 శాతం. పాకీపని మారదు, చావు డప్పు మారదు, టీ కొట్టు ముందు నిలబెట్టే తీరు మారదు. కాగితం ఒక్కటే మారుతుంది. అట్రాసిటీ కేసు పెట్టబోతే ఎదుటివాడి వకీలు మొదట అడిగేది, నువ్వు చర్చికి వెళ్తావా అని.

వేరే పెట్టె గురించి ఇంకో ఉదాహరణ, ఈ మధ్యదే. 2007లో తమిళనాడు ప్రభుత్వం బీసీ కోటాలోంచి ముస్లిములకు 3.5 శాతం, క్రైస్తవులకు 3.5 శాతం విడిగా ఇచ్చింది. పటాకులు కాల్చారు, ధన్యవాద కూడికలు పెట్టారు. ఏడాది తిరిగేసరికి లెక్క చూసుకుంటే, అంతకు ముందు ఉమ్మడి బీసీ కోటాలో పోటీపడి వచ్చేదానికంటే తక్కువ వస్తోందని తేలింది. 2008లో మన పెద్దలే వెళ్ళి, అయ్యా మా వాటా రద్దు చెయ్యండి అని అడిగి మరీ తీయించుకున్నారు. సమావేశాల్లో ఈ సంగతి చెబితే కొందరు నమ్మరు. నిజం.

ఇంతకుముందు ఇలాంటి కూడికలో ఒక తమ్ముడు మమ్మల్ని నిలదీశాడు. "అయ్యగారూ, ఉమ్మడి ఓటు అంత మంచిదైతే 2012లో నత్తం కాలనీ ఎందుకు తగలబడింది?" అని. మీకు తెలుసు. ఈ ధర్మపురి జిల్లాలోనే 2012 నవంబరు 7న, ఒక కులాంతర పెళ్ళి పేరు మీద, నత్తం, అణ్ణానగర్, కొండంపట్టి కాలనీల్లో రెండువందలకు పైగా దళితుల ఇళ్ళు దోచి తగలబెట్టారు. అక్కడ ఉన్నది ఉమ్మడి ఓటే. అందరూ ఒకే పెట్టెలో వేసినవాళ్ళే. ఆ తమ్ముడిది న్యాయమైన ప్రశ్న. అంబేద్కర్ కూడా ఇదే అడిగారు: ఉమ్మడి ఓటులో ఎక్కువమందికి నచ్చినవాడే గెలుస్తాడు, మా కోసం గట్టిగా మాట్లాడేవాడు గెలవడు అని. పాల్ దగ్గర దీనికి పూర్తి జవాబు లేదు. మా దగ్గరా లేదు. మేము చెప్పగలిగింది ఇంతే. ఒకే పెట్టెలో ఓటు వేయడం పొరుగువాడితో కలిసి చేసే పనులన్నిటికీ ఆఖరుది. అప్పు సంఘం, నీళ్ళ బావి, బడి కమిటీ, శ్మశానం దారి, ఇవి కలిసి లేనిచోట ఓటు ఒక్కటే కలిపితే తలలు ఎక్కువున్నవాడి రాజ్యమే వస్తుంది. పాల్ లండన్ వెళ్ళడానికి ముందు పదిహేనేళ్ళు పల్లెల్లో అప్పు సంఘాలు పెట్టించారని మరచిపోకండి. మనం ఆయన లండన్ మాట తీసుకుని పల్లె పని వదిలేశాం.

మరి స్వతంత్రంగా ఆలోచించడం అంటే ఏమిటని యవ్వనస్థులు అడుగుతారు. పాస్టరు చెప్పిన పార్టీకి వేయకపోవడమా? అది కూడా కొంత. మా మాటే చెబుతున్నాం, ఏ పాస్టరైనా వేదిక మీద పార్టీ పేరు చెబితే, ఆ చీటీ ఇంటి దగ్గర పెట్టి వెళ్ళండి. కానీ పాల్‌నూ వుడ్స్‌వర్త్‌నూ పక్కపక్కన పెట్టి చూస్తే మాకు కనబడేది వేరు. ఇద్దరూ తమ సొంతవాళ్ళకు కాదని చెప్పారు. ఒకరు సమాజానికి, ఇంకొకరు సంఘానికి, దేశానికి. పరాయివాడికి కాదని చెప్పడం సులువు, ఫేస్‌బుక్‌లో రోజూ చెబుతూనే ఉన్నాం. ఇద్దరూ తప్పిన చోటు కూడా ఒకటే. తాము వదులుకున్నదీ సాధించినదీ చూసుకున్నారు గాని, ఆ గదిలోకి రానివాడి పేరు జాబితాలో ఉందో లేదో చూడలేదు. మీలో రేపు వార్డు మెంబరయ్యేవాళ్ళు, పంచాయతీ ప్రెసిడెంటయ్యేవాళ్ళు ఉన్నారు. మీ సంతకం పడే కాగితంలో ఆ పేరు వెతకండి.

ఇప్పుడు ఉన్న పరిస్థితి చెప్పి ముగిస్తాం. 2004 నుంచి సుప్రీంకోర్టులో మన కేసు ఉంది. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ షెడ్యూల్డు కులం హోదాకు మతంతో ముడి తీసేయమని చెప్పింది. 2022లో కేంద్రం మళ్ళీ జస్టిస్ కె.జి.బాలకృష్ణన్ కమిషన్ వేసి గడువు పొడిగిస్తూ వచ్చింది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ, ఏప్రిల్లో తమిళనాడు అసెంబ్లీ దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని తీర్మానం చేశాయి. రెండు అసెంబ్లీల్లోనూ చెయ్యెత్తినవాళ్ళలో ఎక్కువమంది క్రైస్తవులు కారు. వాళ్ళకు మన ఓటు కావాలి, అంతే. పాల్ ఉంటే దానికి నవ్వుకునేవారేమో.

మేము చేస్తున్న పని ఒకటుంది. చుట్టుపక్కల ఊళ్ళలో ఇంటింటికీ వెళ్ళి ఏ కుటుంబానికి ఏ కమ్యూనిటీ సర్టిఫికెట్ ఉంది, తాతకు ఏముంది, మనవడికి ఏముంది, ఎప్పుడు మారింది, దానివల్ల ఏ సీటు, ఏ ఉద్యోగం, ఏ కేసు పోయింది అని రాసుకుంటున్నాం. కొన్ని ఇళ్ళలో అన్నకు ఒక కాగితం, తమ్ముడికి ఇంకో కాగితం. భయపడకండి, పేర్లు బయటికి రావు. తమిళం బాగా చదవగలిగినవాళ్ళు, రెవెన్యూ ఆఫీసు కాగితాలు అర్థం చేసుకోగలిగినవాళ్ళు మాకు నలుగురైదుగురు కావాలి. వెనక వరసలోవాళ్ళనే అడుగుతున్నాం. కూడిక అయ్యాక తలుపు దగ్గర నోటు పుస్తకం ఉంటుంది, పేరూ ఫోన్ నంబరూ రాసి వెళ్ళండి. వచ్చే ఆదివారం ఆరాధన తరువాత మొదటి ఊరు మొదలుపెడతాం.